ఒడిశాలోని బరంపురంలో ఇల్లు చూడ్డానికి బయల్దేరే ముందు

ముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని బడ్జెట్ తేల్చుకోండి. ఆవిడకి పెరడు, ఆయనకి స్టేషన్ దగ్గర కావాలంటే, ఏది వదులుకోగలరో ఇంట్లోనే మాట్లాడుకోండి. బ్రోకర్ ఎదుట ఆ చర్చ వద్దు.

గోడల కింది భాగం చూడండి. మోకాలెత్తు వరకే కొత్త రంగు వేసి ఉంటే అనుమానించాలి. బీరువా జరిపించి, వెనక చెమ్మ ఉందేమో చేత్తో తడిమి చూడండి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అప్పుడు వీధిలోకి నీళ్లొచ్చాయా, ఈ ఇంటి కప్పు ఏమైంది అని పక్కింటివాళ్లను అడగండి. అమ్మేవాళ్లకంటే వాళ్ల మాటే నమ్మదగ్గది.

కాగితాలు ఒడియాలో ఉంటాయి, అదే పెద్ద టెన్షన్. చదవగలిగిన నమ్మకస్తుణ్ణి వెంటబెట్టుకోండి. భూలేఖ్‌లో (ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్) యజమాని పేరు సరిపోయిందా, నేల రకం ‘ఘరబారి’ (ఇంటి స్థలం) అని ఉందా చూడాలి. సాగు భూమి అని ఉంటే అడ్వాన్సు ఇవ్వకండి. ఈసీ (ఆస్తి మీద తాకట్లు, పాత లావాదేవీలు చూపే పత్రం) తప్పక తీయించండి.

రాయగడ, కోరాపుట్ జిల్లాలైతే షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదు. ఎంత చవగ్గా వచ్చినా ఆశపడొద్దు.

రిజిస్ట్రేషన్ ఆవిడ పేరున చేయిస్తే స్టాంపు డ్యూటీ 5 బదులు 4 శాతమే.