గోడ మీది యాత్రల జ్ఞాపకాలు ఊడిపోతున్నాయా? గమ్ మార్చే ముందు ఇవి చూడండి

పాపికొండల దగ్గర ఏరిన గులకరాళ్లు, అంతర్వేది గవ్వలు, కన్యాకుమారి ఇసుక ప్యాకెట్, రైలు టికెట్లు. వీటన్నిటినీ ముచ్చటగా ఒక బాక్స్ ఫ్రేములో అమర్చి హాల్లో తగిలిస్తారు. ఎండాకాలమంతా బాగానే ఉంటుంది. ముసురు పట్టిందంటే చాలు, గవ్వలు ఒక్కొక్కటే రాలడం మొదలు. అమలాపురం అయినా నరసాపురం అయినా ఇదే గొడవ. అందరూ చేసేది కూడా ఒకటే: ఇంకో రకం గమ్ కొనుక్కొస్తారు. బాగుచేయమని నా దగ్గరికి వచ్చే ఫ్రేముల్లో నిజంగా గమ్ తప్పు ఉన్నవి చాలా తక్కువ. కత్తిరించడం, అంటించడం మీకు వచ్చనుకునే ఇది రాస్తున్నాను.

ఏ సమస్య అయినా ముందు గోడ

ఫ్రేము దించి వెనక అట్టను అరచేత్తో తడమండి. చల్లగా, మెత్తగా తగిలితే గోడలో నెమ్ము ఉన్నట్టే. అనుమానం తీరకపోతే అడుగు పొడవు, అడుగు వెడల్పున పాలిథిన్ ముక్క తీసుకుని గోడకు ఆనించి నాలుగు వైపులా టేపు వేయండి. మర్నాడు చూడండి. గోడ వైపు నీటి బొట్లు పడితే నెమ్ము గోడలోంచి వస్తోంది. బయటి వైపు తడి ఉంటే అది గదిలోని గాలి తేమ.

మన డెల్టాలో నీరు నేలకు చాలా దగ్గర. పాత సున్నపు గోడలు ఆ నీటిని కింది నుంచి పీలుస్తూనే ఉంటాయి. అవతల బాత్రూమ్ ఉన్న గోడ, వాన జల్లు నేరుగా కొట్టే గోడ కూడా అంతే. అలాంటి గోడకు ఎంత మంచి ఫ్రేము కట్టినా నిలవదు. పైన పెయింటు వేస్తే నెమ్ము కనపడదు, అంతే. ఫ్రేమును వేరే గోడకు మార్చండి. మార్చే వీలు లేకపోతే వెనక నాలుగు మూలలా అర అంగుళం మందం రబ్బరు బిళ్లలు అంటించి గాలి ఆడనివ్వండి. ఇంత చిన్న పని వదిలేసి, ఏరికోరి తెచ్చుకున్న వస్తువులను పాడుచేసుకుంటుంటే బాధేస్తుంది.

గోడ పొడిగానే ఉంది, అయినా గవ్వలు రాలుతున్నాయి

అసలు దొంగ ఇక్కడ ఉంది. ఊడిన గవ్వను తిప్పి చూడండి. దాని అడుగు శుభ్రంగా ఉంటుంది, గమ్ పొర మాత్రం అట్టకే ఉండిపోతుంది. ఆ పొర వేలికి కాస్త జిగటగా తగులుతుంది. మిగిలిన గవ్వల అంచుల్లో తెల్లటి నూగు కనిపిస్తుంది. పక్కనున్న గుండుసూదులకు తుప్పు పట్టి ఉంటుంది. పొద్దున్న అద్దం లోపల ఆవిరి పట్టి మధ్యాహ్నానికి పోతుంది. ఇన్ని గుర్తులూ ఒకచోట కనిపిస్తే కారణం ఉప్పు.

సముద్రం నుంచి తెచ్చిన ప్రతిదాంట్లోనూ ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీరు కారిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమరుస్తుంది. వానాకాలం పొద్దున పూట మన దగ్గర తేమ ఆ హద్దు దాటే ఉంటుంది. వంటింట్లో ఉప్పు జాడీ ఎలా తడిసిపోతుందో గవ్వ లోపల కూడా అదే జరుగుతోంది. రాత్రి కరిగి, ఎండ ఎక్కాక మళ్లీ పలుకులు కట్టి, ఆ పలుకులు పెరుగుతూ గమ్‌ను గవ్వ నుంచి కొద్దికొద్దిగా తోసేస్తాయి. తెల్ల గమ్ తడికి మెత్తబడే రకం కనుక త్వరగా వదిలేస్తుంది.

ఈ మాట చెప్పగానే ‘కడిగే పెట్టానండీ’ అంటారు. ఏ నీళ్లతో కడిగారు? సముద్రానికి దగ్గర ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పన. ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే నీరు పోయి ఉప్పు గవ్వలోనే మిగులుతుంది. పైగా కుళాయి కింద ఒకసారి తిప్పితే మెలికల శంఖం లోపలికి నీళ్లు చేరవు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెక్క, పాత వల ముక్క, తాడు అయితే ఇంకా మొండివి.

కాబట్టి అన్నీ ఊడదీసి, పాత గమ్ గీకేసి, ఆర్వో క్యాన్ నీళ్లలోనో, పట్టిన వాన నీళ్లలోనో నానబెట్టండి. రోజూ నీళ్లు మార్చాలి. గవ్వలకు సాధారణంగా వారం చాలు, చెక్కకు రెండు మూడు వారాలు పడుతుంది. అయితే రోజులు లెక్కపెట్టుకుని ఆపేయకండి, పరీక్ష చేసి ఆపండి. గాజు ముక్క మీద నానిన నీళ్ల చుక్క ఒకటి, పక్కనే అదే క్యాన్‌లోని కొత్త నీళ్ల చుక్క ఒకటి వేసి ఆరనివ్వండి. గాజు కింద నల్ల కాగితం పెట్టి చూస్తే ఉప్పు ఉన్న చుక్క తెల్లటి వలయంగా మిగులుతుంది. భూతద్దం పెడితే ఆ వలయంలో చిన్న చిన్న చదరపు పలుకులు మెరుస్తూ కనిపిస్తాయి. రెండు చుక్కల మరకలూ ఒకేలా ఉన్న రోజున నానబెట్టడం ఆపండి. రెండో చుక్క వేయకపోతే నీళ్లలో ముందే ఉన్న ఉప్పెంతో, గవ్వ వదిలినదెంతో తేలదు.

తర్వాత నీడలో ఫ్యాన్ కింద వారం ఆరాలి. శంఖాలను మూతి కిందికి పెట్టి ఆరబెట్టండి. ఇసుకను పల్చటి గుడ్డలో మూటకట్టి అదే నీళ్లలో నాలుగైదు సార్లు జాడించి పళ్లెంలో పరచండి. రంగు ఇసుక అయితే రంగు దిగుతుందేమో చిటికెడు వేసి ముందే చూసుకోండి. అంటించేటప్పుడు గవ్వ అడుగును గరుకు కాగితంతో కాస్త రుద్ది, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ వాడండి. వార్నిష్ వేయాలనుకుంటే అన్నిటికన్నా చివర వేయండి. ముందే వేస్తే ఉప్పును లోపల పెట్టి సీలు వేసినట్టే. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పెట్టొచ్చు గానీ, ఉప్పు తీయకుండా పెడితే కొన్నాళ్లకే తడి పీల్చి ఊరుకుంటుంది.

టికెట్ మీద అక్షరాలు మాయం

బస్సులో మిషన్ కొట్టి ఇచ్చే టికెట్ థర్మల్ కాగితం, అంటే సిరా లేకుండా వేడితోనే అక్షరాలు పడే రకం. వేడికి, వెలుతురుకు అచ్చు పోతుంది, కొన్ని గమ్‌లు తగిలినా పోతుంది. పోయినది తిరిగి రాదు. కొత్తగా ఉండగానే జిరాక్స్ తీసి దాన్ని అంటించండి, అసలుది కాగితం కవర్లో దాచుకోండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు, ఆ వేడికి టికెట్ మొత్తం నల్లబడుతుంది. పాతకాలపు రైలు అట్ట టికెట్లకు ఈ బెంగ లేదు.

ఫొటో అద్దానికి అతుక్కుంది

లాగొద్దు, పొర లేచిపోతుంది. ముందు అద్దం మీంచే ఫోన్‌తో మంచి ఫొటో తీసి కొత్త ప్రింటు వేయించండి. ఈసారి అద్దానికీ ఫొటోకీ మధ్య మౌంటు బోర్డు (మందపాటి అట్ట) అంచు ఉండాలి.

లేసు, గుడ్డ ముక్కల మీద చుక్కలు

నరసాపురం లేసు గానీ, పూరీ నుంచి తెచ్చిన పిప్లీ అప్లిక్ (గుడ్డ మీద రంగు గుడ్డ ముక్కలు కుట్టిన పని) గానీ చుక్కలు పడ్డాయంటే గంజి, మైదా జిగురు ఉన్నాయేమో చూడండి. బూజుకూ పురుగుకూ అదే తిండి. రంగు నిలిచే గుడ్డ అయితే గంజి పోయేలా ఉతికి, చెమ్మ లేకుండా పూర్తిగా ఆరబెట్టి, జిగురు లేకుండా దారంతో కుట్టి బిగించండి.

అరుదుగా వచ్చేవి

ఉప్పంతా తీసినా గవ్వ గరుకుగా మారి పొడి రాలుతుంటే, ఫ్రేము మూయడానికి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడారేమో చూడండి. ఆ ఆవిరి గవ్వలోని సున్నాన్ని తినేస్తుంది. ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలక), నాసిరకం అట్ట కూడా కొంత అలాగే చేస్తాయి. వాటిని మార్చేయండి. ఫ్రేము కింద సన్నటి చెక్క పొడి రాలుతుంటే పుచ్చు పురుగు, ఆ చట్రం పారేసి కొత్తది కట్టించండి. శంఖం నుంచి కుళ్లు వాసన వస్తుంటే లోపల మాంసం మిగిలిందని అర్థం. నీళ్లలో ఉడికించి, వంచిన తీగతో బయటికి లాగి, పైన చెప్పినట్టే నానబెట్టి ఆరబెట్టాకే మళ్లీ ఫ్రేములో పెట్టండి.