పాత మిలిటరీ జీపులో హెడ్‌లైట్లు మసకబారితే: బల్బు కొనే ముందు ఎర్త్ చూడండి

సైన్యం వేలం వేసిన జీపునో, జోంగా అనే పెద్ద సైనిక వాహనాన్నో కొని బెంగళూరులో నడుపుతున్న మనవాళ్లు ఫోను చేసి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయి, జె.సి. రోడ్డులో మంచి ఎల్ఈడీ సెట్టు ఎక్కడ దొరుకుతుంది? ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పను. లైట్లు వేసి ఉంచి, బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు వెనుక ఒకసారి వోల్టేజీ కొలిచి ఆ రెండు అంకెలూ చెప్పమంటాను. అవతలివైపు కాసేపు మౌనం. మీటరు ఇంట్లోనే ఉంటుంది, రెండు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు. మూడు వేలు పెట్టి లైట్లు కొనడానికి మాత్రం సిద్ధంగా ఉంటారు.

బల్బు మార్చడం, ఫ్యూజు చూడడం, బ్యాటరీ లగ్గులు (వైరు చివర బిగించే లోహపు కొసలు) శుభ్రం చేయడం మీకు తెలుసుననే అనుకుని రాస్తున్నాను. ఎర్త్ అంటే బల్బు నుంచి కరెంటు బండి రేకుల మీదుగా బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి చేరే దారి.

ముందు తేల్చుకోవలసింది: 6, 12, లేక 24 వోల్టులా?

రెండో ప్రపంచ యుద్ధ కాలపు విల్లీస్, ఫోర్డ్ జీపులు పుట్టుకతో 6 వోల్టులవి. ఇక్కడ తిరుగుతున్నవాటిలో చాలావాటిని తర్వాతి యజమానులు 12కు మార్చుకున్నారు. రేడియో సెట్లు బిగించడానికి తయారైన వాహనాల్లో 24 వోల్టులు ఉండవచ్చు. అయితే రెండు బ్యాటరీలు కనిపించినంత మాత్రాన 24 అనుకోకూడదు. ఒకదాని పాజిటివ్ రెండోదాని నెగెటివ్‌కు కలిసి ఉంటే 24, పాజిటివ్‌కు పాజిటివ్, నెగెటివ్‌కు నెగెటివ్ కలిసి ఉంటే 12. హెడ్‌లైట్లలో వాడే హెచ్4 రకం బల్బు అడుగు భాగం 12కూ 24కూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఆకారం చూసి మోసపోవడం తేలిక. 24 వోల్టుల బల్బును 12లో పెడితే నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. 12 వోల్టుల బల్బును 24లో పెడితే ఒక్కసారి మెరిసి మాడిపోతుంది. శివాజీనగర్ గుజరీలో పాత సామాను కొనేటప్పుడు బల్బు అడుగున చెక్కిన అంకె చదివాకే డబ్బులివ్వండి.

డిప్ ఉంది, బ్రైట్ లేదు. లేదా రెండూ వస్తూ పోతూ ఉన్నాయి

ఎడమ కాలి కింద నేలమీద ఉండే డిప్పర్ స్విచ్ దీనికి తరచు కారణం. బురద, నీరు, బూటు మట్టి అన్నీ దాని నెత్తినే పడతాయి. విప్పి, వైర్ల కొసలు శుభ్రం చేసి, మీట నొక్కినప్పుడు గట్టిగా టక్కుమనకపోతే కొత్తది వేయండి. బాగుచేయడానికి కూర్చోవడం సమయం వృథా.

లైట్లు ఉన్నాయి, బ్రేకు లైటు మాత్రం రాదు

యుద్ధకాలపు అమెరికన్ జీపుల్లో మెయిన్ లైట్ స్విచ్‌ను మొదటి మెట్టుకు లాగితే బ్లాకవుట్ దీపాలు మాత్రమే వెలుగుతాయి. పక్కనున్న తాళపు మీట నొక్కితేనే రెండో మెట్టుకు వచ్చి మామూలు లైట్లు పడతాయి. మొదటి మెట్టులో ఉన్నంతసేపు మామూలు బ్రేకు లైటు పనిచేయదు, బ్లాకవుట్ బ్రేకు దీపం మాత్రమే మిణుకుమంటుంది. శత్రువిమానానికి కనబడకుండా చేసిన ఏర్పాటు అది. దీన్ని లోపమనుకుని వైరింగు మొత్తం ఊడబెరికించినవారిని చూశాను.

ఫ్యూజు పదే పదే పోతోంది

వాహనం వెనక్కి వెళ్లి కిందికి వంగి చూడండి. వెనుక చక్రాల మధ్యనుండే డిఫరెన్షియల్ గుండుమీద తెల్లరంగు, దానిపై పడేలా ఒక చిన్న కాన్వాయ్ దీపం ఉండేవి. చీకట్లో వెనకాల వచ్చే బండి ఆ తెల్లటి గుండును చూసుకుంటూ నడిచేది. వేలంలో చేతులు మారాక ఆ దీపాన్ని పీకేసి, దాని వైరును అలాగే వేలాడదీసి వదిలేస్తారు. గతుకుల్లో ఆ తెగిన కొస ఛాసిస్‌కు తగిలితే ఫ్యూజు పోతుంది. కొసను విడిగా కట్టి, టేపు చుట్టి, క్లిప్పుతో బిగిస్తే చాలు.

హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయి, లేదా ఒక దీపం వేస్తే ఇంకోటి తగ్గుతోంది

నన్ను ఏడాదిపాటు తిప్పలు పెట్టింది ఇదే, అందుకే కొంచెం విపులంగా రాస్తున్నాను.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ వాహనాలు తప్ప మరే వాహనమూ ఆలివ్ గ్రీన్ రంగులో ఉండకూడదు. అంటే సైన్యంలో ఉన్నన్నాళ్లూ పొరల మీద పొరలుగా పచ్చరంగు పూయించుకున్న జీపు, మన చేతికి వచ్చాక తప్పనిసరిగా ఇంకోసారి రంగు వేయించుకోవాలి. పెయింటరు గ్రిల్లు, మడ్‌గార్డులు విప్పి, ప్రైమరు కొట్టి, రంగు వేసి, ఆరాక ఆ రంగు మీదే బోల్టులు బిగిస్తాడు. జీపు లైట్ల కరెంటు తిరిగి బ్యాటరీకి చేరేది ఆ రేకుల మీదుగా, ఆ బోల్టుల మీదుగానే. గ్రిల్లుకూ ఛాసిస్‌కూ మధ్య రబ్బరు ప్యాడు, బాడీకీ ఛాసిస్‌కూ మధ్య మళ్లీ ప్యాడ్లు. ఇక ఎర్త్‌కు మిగిలే దారి బోల్టు మరచుట్ల మధ్య పొరపాటున గీసుకుపోయిన కాస్త ఇనుము మాత్రమే.

నా 12 వోల్టుల మహీంద్రా జీపుకు బూడిదరంగు వేయించిన నెలలోపే లైట్లు మసకబారాయి. బల్బులు మార్చాను, రిఫ్లెక్టర్లు మార్చాను, బ్యాటరీ నుంచి బల్బుకు నేరుగా కరెంటు పంపే రిలే కిట్టు వేయించాను. కొంచెం మెరుగైనట్టే అనిపించింది. ఎలక్ట్రీషియను మీటరును, దారి తెగలేదని కూత పెట్టే బీప్ మీద పెట్టి గ్రిల్లు నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు కొలిచి, ఎర్త్ బ్రహ్మాండంగా ఉందని తేల్చాడు. ఇక ఎల్ఈడీ వేసుకోవడమే మార్గమని వేయించాను. వెలుగు అదిరిపోయింది, కథ అయిపోయిందనుకున్నాను.

రెండు నెలల తర్వాత మదనపల్లె నుంచి చింతామణి మీదుగా రాత్రి వానలో వస్తున్నాం. హొస్కోటె దగ్గర ఎడమ ఇండికేటర్ వేస్తే, దానితోపాటు రెండు పార్కింగు లైట్లూ మిణుకుమంటున్నాయి. పక్కనున్న మా బావమరిది డ్యాష్‌బోర్డు వైపు చూసి, «బావా, పెట్రోలు ముల్లు కూడా తాళం వేస్తోంది చూడు» అన్నాడు. సంబంధం లేని దీపాలూ ముల్లూ కలిసి ఆడుతున్నాయంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చెడిందని అర్థం. ఉమ్మడిగా ఉన్నది ఎర్త్ ఒక్కటే.

మరి మీటరు బీప్ ఎందుకు కొట్టింది? రెండు 55 వాట్ల డిప్ బల్బులకు దాదాపు 9 నుంచి 10 ఆంపియర్లు కావాలి. దారిలో 0.2 ఓమ్ అవరోధం ఉంటే చాలు, 2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. కానీ 0.2 ఓమ్ అంటే మామూలు మీటరు లీడ్ల సొంత అవరోధమంత. బీప్‌కు అది కనబడదు. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు మూడోవంతు దాకా పోతుంది. రిలే కిట్టు పాజిటివ్ దారిని మాత్రమే బాగుచేస్తుంది, తిరుగుదారిని ముట్టుకోదు. ఎల్ఈడీ తీసుకునే కరెంటు తక్కువ కాబట్టి లోపాన్ని దాచిపెట్టిందే తప్ప తీర్చలేదు.

కొలవవలసిన పద్ధతి ఇది. ఎల్ఈడీ ఉంటే తీసి పాత బల్బులు పెట్టండి, లేకపోతే లోపం బయటపడదు. ఇంజను స్టార్టు చేసి, డిప్ వేసి ఉంచండి. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల లీడును బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీదే ఆనించండి, లగ్గు మీద కాదు. ఎర్ర లీడును బల్బు ఎర్త్ పిన్ను దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టే వెనక్కి తీసుకురండి. నా జీపులో బల్బు పిన్ను దగ్గర 2.1, గ్రిల్లు రేకు మీద 1.9, బాడీ మీద 0.9, ఛాసిస్ మీద 0.1 వచ్చింది. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోయిందో ఆ రెండింటి మధ్య అతుకే దోషి. నాకు రెండు దోషులు దొరికాయి: మడ్‌గార్డు బోల్టులు, బాడీ మౌంటులు. బల్బు పిన్ను దగ్గర 0.2 దాటకుండా ఉంటే మీ ఎర్త్ బాగున్నట్టే.

బాగుచేయడానికి ఖరీదైన సామాను అవసరం లేదు. ఒక్కో హెడ్‌లైట్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరును నేరుగా ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి మందమైన స్ట్రాపును బ్యాటరీ నెగెటివ్‌కు, ఇంకో స్ట్రాపును ఇంజనుకు, మరొకదాన్ని బాడీకి వేయండి. లగ్గు కూర్చునే చోట ఉప్పుకాగితంతో రంగూ ప్రైమరూ పోయి ఇనుము తళతళలాడేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించాక, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. నా జీపులో అంకె 0.1కి దిగింది. పాత 60/55 వాట్ల (బ్రైట్‌కు 60, డిప్‌కు 55) బల్బులతోనే ఇప్పుడు రాత్రి ప్రయాణం హాయిగా సాగుతోంది, ఎల్ఈడీ సెట్టు అట్టపెట్టెలో ఉంది.

అయినా ఎల్ఈడీయే కావాలంటే

పాత రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు దూర్చకండి, కాంతి చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. 7 అంగుళాల గుండ్రటి యూనిట్టునే మార్చండి, 24 వోల్టుల బండి అయితే దానిపై అంత వోల్టేజీ రాసి ఉందో లేదో చూడండి. ఇండికేటర్లకు ఎల్ఈడీ వేశాక అవి పిచ్చిగా కొట్టుకుంటే వాటిని వెలిగించి ఆర్పే పాత ఫ్లాషరును తీసి ఎలక్ట్రానిక్ ఫ్లాషరు పెట్టండి. 100/90 వాట్ల బల్బుల జోలికి వెళ్లకండి. పాత స్విచ్ కరిగిపోతుంది, చట్టమూ ఒప్పుకోదు. బండికి యాభై ఏళ్లు దాటి, 2021 నియమాల కింద వింటేజ్ రిజిస్ట్రేషను తీసుకునే ఆలోచన ఉంటే, అసలు దీపాలను పారేయకుండా దాచండి.

డైనమో రెగ్యులేటరు, ఇగ్నిషన్ స్విచ్, రిఫ్లెక్టరు వెండిపూత వంటివి కూడా కారణం కావచ్చు, కానీ పై కొలతలన్నీ సరిగ్గా ఉంటేనే వాటివైపు చూడండి. ఈసారి జీపుకు రంగు వేయించేటప్పుడు, షెడ్డుకు పంపే ముందు ప్రతి ఎర్త్ బోల్టు చుట్టూ మాస్కింగ్ టేపు మీరే అంటించండి. పెయింటరుకు చెప్పి ఊరుకుంటే అతను దానిమీద కూడా రంగు కొట్టేస్తాడు.