ఎంఎస్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి: క్యాంపస్‌లో మీ పేరు తెలిసిన మనిషి ఒకరుండాలి

మొదటి రోజు క్లాసులో ప్రొఫెసర్ లిస్టు చూసి "వెంకట" అని పిలిచారు. ముగ్గురం చేతులెత్తాం. మా ముగ్గురి పాస్‌పోర్టుల్లోనూ పేరు ఆ మాటతోనే మొదలవుతుంది, ఇంట్లో మాత్రం ఎవరూ మమ్మల్ని అలా పిలవరు. ఏమని పిలవాలో ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ సెమిస్టర్‌లో చాలా రోజులు ఆ క్లాసులో నేను వెంకటగానే ఉన్నాను. అక్టోబరులో రెండు వారాలు క్లాసుకి వెళ్లకపోయినా అక్కడ ఎవరికీ తెలియలేదు.

ఆ రెండు వారాలు గుర్తుపెట్టుకునే ఇది రాస్తున్నాను. అమెరికా వచ్చి ఎంఎస్ మధ్యలో ఆపేసినవాళ్లు నాకు కొందరు తెలుసు. వాళ్లలో చదవడం చేతకాక ఆపేసినవాళ్లు తక్కువ. ఒక పరీక్ష పోవడం, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోవడం, క్లాసుకి వెళ్లడానికి మొహం చెల్లకపోవడం, వచ్చే సోమవారం నుంచి వెళ్దాంలే అనుకోవడం. ఎక్కువమంది ఇలాగే జారిపోయారు. అందుకే ఏటా ఆగస్టులో దిగే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒకే మాట చెబుతుంటాను. మీ రూమ్మేట్లు కాకుండా, క్యాంపస్‌లో కనీసం ఒక్కరికి మీరు పేరుతో తెలిసుండాలి. మీరు రాని రోజు "ఏమైంది?" అని వాళ్లు అడగాలి. ఆ మనిషిని మొదటి ఆరు వారాల్లోనే సంపాదించుకోండి, ఆ తర్వాత మిడ్‌టర్మ్‌లు మీద పడతాయి.

ముందు పేరు సంగతి చూసుకోండి

మొదటి క్లాసు అవగానే ముందుకెళ్లి "నన్ను ఇలా పిలవండి" అని చెప్పండి. అర నిమిషం పని. చాలా యూనివర్సిటీల స్టూడెంట్ పోర్టల్‌లో ప్రిఫర్డ్ నేమ్ అని ఒక గడి ఉంటుంది. అందులో మీరు పిలిపించుకునే పేరు పెడితే సాధారణంగా క్లాసు లిస్టులో అదే కనిపిస్తుంది. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), పాస్‌పోర్టు, బ్యాంకు కాగితాల్లో మాత్రం పూర్తి పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి, అక్కడ మార్పులు చేయకండి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లకి ఇంకో చిక్కు. వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట "ఎఫ్‌ఎన్‌యూ" అని పడుతుంది. ఇచ్చిన పేరు తెలియదు అని దానర్థం. ఒక్కోసారి ఆ మూడు అక్షరాలతోనే యూనివర్సిటీ ఈమెయిల్ తయారై వస్తుంది. అలా వస్తే మొదటి వారంలోనే రిజిస్ట్రార్ ఆఫీసుకీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకీ వెళ్లి ఎలా సరిచేస్తారో అడగండి.

పేరుని సగానికి కుదించి అమెరికన్ పేరులా మార్చుకోవాలా అని కొందరు అడుగుతారు. అది మీ ఇష్టం. నన్నడిగితే వద్దంటాను. ఇంట్లో పిలిచే పేరు ఎలాగూ చిన్నదే, రెండుసార్లు చెబితే ఎవరికైనా పలకడం వస్తుంది.

మీరు లేని లోటు తెలిసే చోటు

అప్పట్లో నేను వారానికి 12 గంటలు క్యాంపస్ డైనింగ్ హాల్లో పనిచేసేదాన్ని. గిన్నెలు కడిగే మెషీన్‌లోంచి వచ్చే ట్రేలు తుడిచి దొంతరలు పేర్చడం నా పని. మొదటి మిడ్‌టర్మ్‌లో నాకు 100కి 41 వచ్చాయి. బీటెక్ అంతా డిస్టింక్షన్‌లో పాసైనదాన్ని. ఆ పేపరు నాలుగు మడతలు పెట్టి బ్యాగు అడుగున దాచి, రూముకెళ్లి పడుకున్నాను. క్లాసులు మానేశాను. రెండో వారానికి పనికి వెళ్లడం కూడా మానేశాను.

రెండో షిఫ్టు ఎగ్గొట్టిన సాయంత్రం సూపర్‌వైజర్ ఫోన్ చేశారు. పని పోయిందనుకుంటూనే ఎత్తాను. "నువ్వు బాగానే ఉన్నావా? ఏమైనా తిన్నావా?" అని అడిగారావిడ. మా అమ్మ రోజూ అడిగేదీ అదే. అమ్మకి "ఆ, తిన్నాను, అంతా బాగానే ఉంది" అని రెండు వారాలుగా చెబుతూ వచ్చాను. ఆవిడకి అలా చెప్పలేకపోయాను, ఏడ్చేశాను. మరునాడు ఆవిడే నన్ను ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు దాకా నడిపించుకెళ్లారు.

క్లాసులో అరవైమందిలో ఒకదాన్ని. డైనింగ్ హాల్లో నేను రాకపోతే ట్రేలు పేరుకుపోతాయి. అలాంటి చోటు ఒకటి చూసుకోండి. ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు క్యాంపస్‌లో పనిచేయొచ్చు. డైనింగ్, లైబ్రరీ, ల్యాబులు, ఏది దొరికినా మంచిదే. పని దొరక్కపోతే వారం వారం కలిసే చిన్న గుంపు ఏదైనా సరే: ఒక ప్రాజెక్టు టీమ్, శనివారం క్రికెట్, డిపార్ట్‌మెంట్ సెమినార్, వాలంటీరింగ్. ఓరియెంటేషన్ రోజున పది క్లబ్బులకి ఈమెయిల్ రాసిచ్చి ఒక్కదానికీ వెళ్లకపోవడం కంటే, ఒక్కదానికి ఎనిమిది వారాలు వరసగా వెళ్లండి.

క్యాంపస్ బయట గ్యాస్ స్టేషన్లలో, హోటళ్లలో చేతికి డబ్బిచ్చే పనుల గురించి కూడా మీ చెవిన పడుతుంది. లోను ఈఎంఐ భారం నాకు తెలుసు. అయినా అనుమతి లేకుండా అలా పనిచేయడం స్టేటస్‌కే, అంటే ఈ దేశంలో చట్టప్రకారం ఉండే హక్కుకే ఎసరు.

కోర్సు వదిలేయాలనిపిస్తే

ఎఫ్-1 మీద వచ్చినవాళ్లకి కాలేజీలో నిలబడటమూ, ఈ దేశంలో నిలబడటమూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మాస్టర్స్‌లో చాలా యూనివర్సిటీలకి సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు, అంటే మూడు కోర్సులు ఫుల్‌టైమ్ కింద లెక్క. బ్యాచిలర్స్‌కి 12. పూర్తిగా ఆన్‌లైన్‌లో జరిగే కోర్సు అయితే సెమిస్టర్‌కి ఒక్కటి, 3 క్రెడిట్ల వరకే ఈ లెక్కలోకి వస్తుంది. పోర్టల్‌లో డ్రాప్ బటన్ ఎవరు నొక్కినా పనిచేస్తుంది. మీ వీసా ఏమవుతుందో ఆ బటన్ చెప్పదు. ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ అనే అధికారి దగ్గర ముందుగా అనుమతి తీసుకోకుండా ఫుల్‌టైమ్ కంటే కిందికి దిగితే స్టేటస్ పోతుంది. ముందు వదిలేసి తర్వాత చెబుదామంటే కుదరదు.

విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లో మీ రికార్డు చూసేది ఈ డీఎస్ఓనే. ఆ ఆఫీసంటే మనవాళ్లకి ఇమిగ్రేషన్ పోలీసులంత భయం. నేనూ వణుకుతూనే కుర్చీలో కూర్చున్నాను. కోర్సు వదిలేస్తానన్నాను. డీఎస్ఓ నాతో సిలబస్ తెరిపించారు. మిడ్‌టర్మ్‌కి 20 శాతమే, మిగతాదంతా హోంవర్కులు, ప్రాజెక్టు, ఫైనల్. ఇంకా మునిగిపోలేదని అప్పుడే నాకు లెక్క కనపడింది. ముందు ప్రొఫెసర్‌తో మాట్లాడి రమ్మన్నారు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి కూడా అక్కడే తెలిసింది. రిడ్యూస్డ్ కోర్స్ లోడ్ అని ఒక వెసులుబాటు ఉంది. మొదట్లో ఇంగ్లీషుతో ఇబ్బంది, చదవాల్సిన మెటీరియల్‌తో ఇబ్బంది, అమెరికన్ బోధనా పద్ధతులు అలవాటు లేకపోవడం, తన స్థాయికి సరిపడని కోర్సులో పడటం: ఈ కారణాలు నిబంధనల్లోనే రాసి ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు తడబడతారని ఆ నిబంధనలు రాసినవాళ్లకి తెలుసు! డీఎస్ఓ ఒప్పుకుంటే ఆ సెమిస్టర్ తక్కువ కోర్సులతో గడపొచ్చు. కనీసం సగం లోడ్ మాత్రం ఉండాలి, తర్వాతి సెమిస్టర్ మళ్లీ ఫుల్‌టైమ్‌కి రావాలి. చదువు కారణాలతో ఇది ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే దొరుకుతుంది. ఆరోగ్యం బాగోలేకపోతే వేరు. డాక్టరు గానీ లైసెన్స్ ఉన్న సైకాలజిస్టు గానీ ఉత్తరం ఇస్తే, మొత్తం మీద 12 నెలల వరకు లోడ్ తగ్గించుకోవచ్చు, అవసరమైతే పూర్తిగా ఆపొచ్చు కూడా. మానసిక ఆరోగ్యం కూడా ఆరోగ్యమే, ఇందులోకే వస్తుంది.

వెనకబడ్డవాళ్ల దగ్గరికి ఇంకో రకం సలహా కూడా వస్తుంది: "ఫలానా చోటికి ట్రాన్స్‌ఫర్ అయిపో, క్లాసులుండవు, ఐ-20 నడుస్తుంది." 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే, ఇమిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. దాంట్లో చిక్కుకున్నవాళ్లలోనూ మనవాళ్లున్నారు. క్లాసుల్లేని కాలేజీ అన్న మాట వినపడితే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

తలుపు తెరిచే ఉంటుంది

మన కాలేజీల్లో స్టాఫ్ రూముకి వెళ్లామంటే తిట్లకో, అటెండెన్స్ తగ్గి కండోనేషన్ సంతకానికో. ఆ అలవాటుతో ఇక్కడ ఆఫీస్ అవర్స్ అంటే తప్పుచేసినవాళ్లు వెళ్లే చోటనుకుంటాం. వారానికి ఇన్ని గంటలని సిలబస్ మొదటి పేజీలోనే రాసి, విద్యార్థుల కోసం కేటాయించిన సమయం అది.

నేను వెళ్లిన రోజు తలుపు సగం తెరిచి ఉంది. మూడో లెక్క ఉన్న పేజీలో వేలు పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను, నోట్‌బుక్ మూసుకుపోతే మళ్లీ వెతుక్కోవాలని. ప్రొఫెసర్ కుర్చీ మీది పుస్తకాలు తీసి కింద పెట్టి కూర్చోమన్నారు. నేను ఎక్కడ తప్పుదారి పట్టానో చూపించడానికి ఆయనకి పది నిమిషాలు పట్టలేదు. లేవబోతుంటే "నీ పేరు సరిగ్గా ఎలా పలకాలి?" అని అడిగారు. చెప్పాను. ఆయన తన లిస్టులో వెంకట పక్కన పెన్సిల్‌తో రాసుకున్నారు. ఆ తర్వాత ఒక్క క్లాసు కూడా మానలేదు. చివరికి బి ప్లస్ వచ్చింది. గ్రాడ్యుయేట్ విద్యార్థుల జీపీఏ 3.0 కంటే తగ్గకూడదని సాధారణంగా నియమం ఉంటుంది కాబట్టి ఆ గ్రేడు నాకు చాలా పెద్దది.

ఏమడగాలో తెలియక ఆగిపోకండి. "ఈ లెక్కలో ఇక్కడిదాకా వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను" అంటే చాలు. ఈమెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్" అక్కర్లేదు. ప్రొఫెసర్ అని రాసి పక్కన వాళ్ల ఇంటిపేరు రాయండి, కోర్సు నంబరు పెట్టండి, విషయం నాలుగు వాక్యాల్లో ముగించండి.

మన బ్యాచ్, మన ఇల్లు

నలుగురు తెలుగువాళ్లతో రెండు బెడ్‌రూముల ఇల్లు, వంటకి వంతులు, అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు. అది లేకపోతే నేను మొదటి నెల గడిచేదాన్ని కాదు. జ్వరమొస్తే చారు పెట్టిందీ, ఎయిర్‌పోర్టుకి వచ్చిందీ వాళ్లే. కాకపోతే ఇంట్లో నలుగురూ ఒకే కంగారులో ఉంటారు, ఎవరికీ దారి తెలియదు, తెలిసినట్టు చెప్పే సీనియర్ అన్న చెప్పేది రెండేళ్ల కిందటి రూలు. వీసా మాటలు గ్రూపులో విని ఊరుకోకండి, డీఎస్ఓని అడిగి ఖాయం చేసుకోండి.

గ్రూపులో అసైన్‌మెంట్ కోడ్ పంచుకోవడం మాత్రం అస్సలు వద్దు. మన దగ్గర రికార్డులు చూసి రాసుకోవడం స్నేహం. ఇక్కడ ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఇద్దరూ దోషులే. వేరియబుల్ పేర్లు మార్చినా ప్రోగ్రాముల పోలికని పట్టే సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. సస్పెన్షన్ పడితే చదువుతో పాటు స్టేటస్ కూడా పోతుంది.

అమ్మానాన్నలకి ఒక మాట. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరిన విద్యార్థి మార్కులు సాధారణంగా వాళ్ల అనుమతి లేకుండా తల్లిదండ్రులకి కూడా చెప్పరు. ప్రోగ్రెస్ రిపోర్టు ఇంటికి రాదు. పిల్లలు చెబితేనే మీకు తెలుస్తుంది, చెప్పగలిగేలా మీరు అడగాలి. "ఎన్ని మార్కులొచ్చాయి?" అనే బదులు "ఈ వారం ఎవరితో మాట్లాడావు?" అని అడిగి చూడండి.

నవంబరు

నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ఉత్తరాది ఊళ్లలో సాయంత్రం అయిదుకల్లా చీకటి. న్యూయార్క్ వైపు ఉన్నవాళ్లకి ఇంటితో తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నరకి పెరిగి, అలవాటైన ఫోన్ వేళ తప్పుతుంది. నెలలో నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, ఆ వారం క్యాంపస్ ఖాళీ అవుతుంది. ఒంటరితనం అప్పుడు బాగా తెలుస్తుంది. ఊళ్లో ఎవరెవరు ఉండిపోతున్నారో ముందే కనుక్కుని ఆ రోజుకి కలిసి వండుకోండి. తెలుగు సంఘాలవాళ్లు, కాలేజీలోని ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్ వాళ్లు ఏమైనా పెడుతున్నారేమో చూడండి.

నిద్ర పట్టకపోయినా, రోజంతా మంచం దిగబుద్ధి కాకపోయినా కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లండి. చాలా క్యాంపస్‌లలో ఆ ఖర్చు మీరు కట్టిన ఫీజులోనే ఉంటుంది, అక్కడ చెప్పింది సాధారణంగా ఇంటికీ డిపార్ట్‌మెంటుకీ చేరదు. బతకాలని లేదనిపిస్తే ఏ వేళైనా 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ గానీ మెసేజ్ గానీ చేయండి. రూమ్మేట్ అలా ఉన్నారనిపిస్తే పక్కన కూర్చుని మీరే నంబరు కలిపివ్వండి.

స్ప్రింగ్ కోర్సుల రిజిస్ట్రేషన్ చాలా చోట్ల ఈ రోజుల్లోనే తెరుస్తారు. ఫీజు బాకీ ఉంటే అకౌంటు మీద హోల్డ్ పడి కోర్సులు తీసుకోనివ్వదు. హోల్డ్ కనపడిన రోజే ఫీజుల ఆఫీసుకి వెళ్లి వాయిదాల్లో కట్టే వీలుందేమో అడగండి, ఇండియా నుంచి డబ్బు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పండి. స్టూడెంట్ ఐడీ వెంట తీసుకెళ్లండి. కౌంటర్‌లో ఉన్నవాళ్లకి మీ పేరు పలకడం రాకపోతే ఓపిగ్గా రెండోసారి చెప్పండి, వాళ్ల పేరు కూడా అడగండి.