హో వర్షారణ్యంలో గుడారం వేయాలంటే: దరఖాస్తు విధానం

బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్లలో పిల్లలు అమెరికాలోని సియాటిల్‌లో ఉండటం ఇప్పుడు మామూలే. వాళ్ల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లు ఒలింపిక్ నేషనల్ పార్కులోని హో వర్షారణ్యంలో ఒకటి రెండు రాత్రులు గడపాలనుకుంటే, ముందు ఒక్కటి తేల్చుకోవాలి. కారు పక్కనే గుడారమా, అడవి లోపలికి నడకా? రెండింటికీ అనుమతులు వేరు.

కారు వెళ్లే హో క్యాంప్‌గ్రౌండ్‌లో 72 స్థలాలున్నాయి. తాగునీరు, మరుగుదొడ్లు ఉంటాయి. స్నానాల గదులు, కరెంటు ఉండవు. అమెరికా ప్రభుత్వ బుకింగ్ సైట్ రిక్రియేషన్.గవ్ (recreation.gov)లో స్థలం బుక్ చేసుకుంటే చాలు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తుంటే ఇదే ఎంచుకోండి.

అడవి లోపలికి నడిచి రాత్రి ఉండాలంటే వైల్డర్‌నెస్ పర్మిట్ తప్పనిసరి. అదే సైట్‌లో ఖాతా తెరిచి, ఎంతమంది వస్తున్నారో, ఎప్పుడు బయల్దేరుతున్నారో, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో నమోదు చేయాలి. "వెళ్లాక చూసుకుందాంలే" అంటే కుదరదు. హో నది వెంట దారి మొదట్లో దాదాపు చదునుగా ఉంటుంది. గుడారం వేసుకునే చోట్లలో 8 కిలోమీటర్ల దగ్గర ఫైవ్ మైల్ ఐలాండ్, 14 దాటాక ఒలింపస్ గార్డ్ స్టేషన్ వస్తాయి. మహేంద్రగిరి ఎక్కిన కాళ్లకు మొదటిది కష్టమేమీ కాదు.

వేసవి తేదీలకు ఈ పర్మిట్ బుకింగ్ మామూలుగా ఏప్రిల్ 15న అక్కడి ఉదయం 7 గంటలకు, అంటే మనకు రాత్రి 7.30కి తెరుచుకుంటుంది. వెంట నడిచే కొడుకో కోడలో తమ పేరున తీసుకోవడం మంచిది. ఇక్కడి కార్డుతో కట్టేటట్లయితే విదేశీ లావాదేవీలు ముందే ఆన్ చేసుకోండి, ఆ నిమిషంలో టెన్షన్ ఉండదు.

ఈ పర్మిట్‌కు 16 ఏళ్లు, ఆ పైబడినవాళ్లకు తలకు రాత్రికి 8 డాలర్లు, బుకింగ్‌కు మరో 6. నలుగురు పెద్దవాళ్లు రెండు రాత్రులుంటే 70 డాలర్లు. రద్దు చేసుకున్నా ఆ 6 తిరిగి రావు. పార్కు ప్రవేశ రుసుము దీనికి అదనం.

తిండి విషయంలో మాత్రం రాజీ పడొద్దు. ఎలుగుబంట్లు తిరిగే అడవి అది. వాసన వచ్చేదేదైనా, ఆవకాయ సీసా, పులిహోర డబ్బా మొదలుకొని టూత్‌పేస్టు, తలనూనె దాకా, గుడారంలో ఉంచకూడదు. ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టి మూత బిగించాలి. అలాంటి డబ్బా పోర్ట్ ఏంజెలెస్‌లోని వైల్డర్‌నెస్ సమాచార కేంద్రంలో దొరుకుతుంది. పర్మిట్ గురించి సందేహాలున్నా అక్కడే అడగండి.

ఏడాదికి దాదాపు 3,500 మిల్లీమీటర్ల వాన పడే చోటు, మన గంజాం వానకు రెండింతల పైమాటే. అయితే అక్కడ జోరు చలికాలంలో. మనకు ముసురు పట్టే జులై, ఆగస్టుల్లో అక్కడ తెరిపిగా ఉంటుంది. తేదీలు ఆ నెలల్లోనే పెట్టుకోండి. అప్పుడైనా రెయిన్‌కోటు మరవొద్దు.

బయల్దేరే ముందు రోడ్డు సంగతి పార్కు సైట్‌లో చూసుకోండి. 2024 డిసెంబరులో వరదకు హో రోడ్డు కోసుకుపోయి, 2025 మే దాకా కార్లు వెళ్లలేదు.