రంగు ప్లాస్టిక్‌ను గుర్తుపట్టడం – 4వ భాగం: పిగ్మెంట్ (రంగు పొడి) వాటా తీసేయడం

రంగులేని ముక్కను సాంద్రతతో గుర్తించడం గత భాగంలో చూశాం. అదే లెక్క రంగు ముక్కకు వాడితే తప్పు పేరు వస్తుంది. తెల్లటి ముక్క సాంద్రత 0.942 (మి.లీ.కి గ్రాములు) వచ్చిందనుకోండి. పట్టిక ప్రకారం అది పాలిథిలిన్. కానీ పాలీప్రొపిలీన్‌లో 5 శాతం టైటానియం డయాక్సైడ్ కలిపినా సరిగ్గా అంతే వస్తుంది. కాబట్టి ముందు ముక్కను కాల్చి, మిగిలే బూడిదతో పొడి వాటా తేల్చాలి, తర్వాతే పేరు.

ఖాళీ క్రూసిబుల్‌ను (వేడి తట్టుకునే చిన్న గిన్నెను) ఎర్రగా కాల్చి, డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూత పాత్రలో) చల్లార్చి తూచండి. 2 గ్రాముల ముక్కలు వేసి, ఫ్యూమ్ హుడ్ కింద సన్నటి మంట మీద పొగ ఆగేదాకా మాడ్చండి. నేరుగా ఫర్నేస్‌లో పెడితే భగ్గున మండి, పొగతోపాటు పొడీ ఎగిరిపోతుంది. తర్వాత 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర బరువు నిలకడగా వచ్చేదాకా ఉంచండి. 800కి పెంచితే కాల్షియం కార్బొనేట్ సున్నంగా మారి బరువులో 44 శాతం పోతుంది, ఫిల్లర్ (ప్లాస్టిక్‌లో నింపే పొడి) తక్కువున్నట్టు కనిపిస్తుంది.

చల్లారాక బూడిదలో కొంచెం తీసి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. బుసబుస పొంగితే కార్బొనేట్. పొంగకుండా, కరగకుండా తెల్లగా మిగిలితే టైటానియం డయాక్సైడ్ కావచ్చు. పసుపు ముక్క ఎర్ర బూడిద ఇస్తే పసుపు ఐరన్ ఆక్సైడ్‌ను అనుమానించాలి. అది కాలేటప్పుడు సుమారు 10 శాతం బరువు నీటి రూపంలో పోతుంది కాబట్టి ఎర్ర బూడిద బరువును 1.11తో గుణించాలి.

ఇక లెక్క. 100 గ్రాముల ముక్క ఘనపరిమాణం 100 ÷ 0.942 = 106.16 మి.లీ. అందులో 5 గ్రాముల పిగ్మెంట్‌ది 5 ÷ 4.2 (టైటానియం డయాక్సైడ్ సాంద్రత) = 1.19 మి.లీ. మిగిలిన 104.97 మి.లీ.లో 95 గ్రాముల ప్లాస్టిక్ ఉంది, అంటే సాంద్రత 0.905. పాలీప్రొపిలీనే.

ఎఫ్‌టీఐఆర్ (ముక్క ఏ పరారుణ కాంతిని పీల్చుకుంటుందో శిఖరాలుగా చూపే పరికరం) ఉంటే సరిచూసుకోవచ్చు, గుడ్డిగా నమ్మొద్దు. కార్బొనేట్ 1420 సెం.మీ.⁻¹ దగ్గర (కింది అంకెలూ ఇదే కొలతలో) వెడల్పాటి పట్టీ పరచి పక్కనున్న పాలిమర్ శిఖరాలను మింగేస్తుంది. దాని 712 శిఖరాన్ని పాలిథిలిన్ 718గా పొరబడటం మామూలే. 875 దగ్గర సన్నటి శిఖరం కూడా ఉంటే అది కార్బొనేట్ పనే. అందుకే 2800–3000 మధ్య చూడండి, ఈ పొడులు అక్కడ పెద్దగా అడ్డురావు. పాలీప్రొపిలీన్‌కు 2950 శిఖరం ఉంటుంది, పాలిథిలిన్‌కు 2915, 2848 మాత్రమే.

నల్ల ముక్కలదే అసలు తలనొప్పి. వాటికి నలుపునిచ్చే కార్బన్ బ్లాక్ (మసి లాంటి పొడి) గాలిలో కాలిపోతుంది, బూడిదలో దొరకదు. ఎఫ్‌టీఐఆర్‌లో ముక్కను నొక్కిపెట్టి చూసే ఏటీఆర్ డైమండ్ స్ఫటికం మీద బేస్‌లైన్ వాలిపోయి శిఖరాలు వంకరపోతాయి. జెర్మేనియం స్ఫటికం మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. సంకేతం బలహీనం కాబట్టి స్కాన్‌లు పెంచండి, ఆ స్ఫటికం పెళుసు కాబట్టి గట్టిగా నొక్కొద్దు. కార్బన్ బ్లాక్ బరువు కావాలంటే టీజీఏలో (వేడి చేస్తూ బరువు తూచే పరికరంలో) 600 డిగ్రీలదాకా నైట్రోజన్, తర్వాత గాలి. గాలి వదిలాక తగ్గే బరువే కార్బన్ బ్లాక్. కార్బొనేటూ ఉంటే దాని బరువు తగ్గుదలా, కార్బన్ బ్లాక్ తగ్గుదలా కలిసిపోతాయి, జాగ్రత్త.

థాలోసయనిన్ నీలం అనే పిగ్మెంట్ కొంచెమే కలిపినా స్ఫటికీకరణను ముందే మొదలుపెట్టిస్తుంది. డీఎస్‌సీలో (వేడి ఇచ్చిపుచ్చుకోవడాన్ని కొలిచే పరికరంలో) చల్లార్చేటప్పటి శిఖరం ఎక్కువ ఉష్ణోగ్రత వైపు జరుగుతుంది, మోల్డ్‌లో ముక్క వంకరపోతుంది. పేరు తేల్చడానికి ద్రవీభవన శిఖరాన్నే తీసుకోండి.

అభ్యాసం: సాంద్రత 0.983, బూడిద 12 శాతం, ఆమ్లంలో పొంగి పూర్తిగా కరిగింది. కార్బొనేట్ సాంద్రత 2.71. ప్లాస్టిక్ ఏది? జవాబు 5వ భాగంలో.