కాన్ఫరెన్స్ ఒప్పందాల్లో వచ్చే మాటలు: సంతకం పెట్టే ముందు తెలియాల్సినవి

రెండు రోజుల కాన్ఫరెన్స్, 300 మంది డెలిగేట్లు, బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు 60 గదులు. హనుమకొండలోనో వరంగల్‌లోనో ఇంత మీటింగు పెట్టాలంటే హాలు, హోటల్, క్యాటరింగ్, సౌండు-లైటింగ్ వాళ్లతో నాలుగు ఒప్పందాలైనా ఉంటాయి. వాటిలో వచ్చే ఒక్కో మాట వెనక, లెక్క తప్పితే నష్టం ఎవరు భరించాలన్న సంగతి దాగి ఉంటుంది. సంతకం పెట్టేవాళ్లకు అది తెలియకపోతే మీటింగు బాగా జరిగినా బిల్లు దగ్గర గొడవవుతుంది. పని నడిచే వరుసలోనే ఆ మాటలు చూద్దాం.

తేదీ, హాలు

మొదటిది ఆర్‌ఎఫ్‌పీ (రిక్వెస్ట్ ఫర్ ప్రపోజల్). మనకేం కావాలో రాసి, రేట్లు పంపమని హోటళ్లకు, హాళ్లకు ఇచ్చే కాగితం ఇది. అనుకున్న తేదీ, కుదరకపోతే ఇంకో రెండు తేదీలు, మనుషుల లెక్క, కూర్చోబెట్టే పద్ధతి, ఎన్ని గదులు ఎన్ని రాత్రులు, ఏ పూట ఏం భోజనం, ఎంత కరెంటు కావాలి, ఇవన్నీ ఒకే పేజీలో అందరికీ ఒకేలా పంపాలి. ఫోన్లో అడిగితే ఒకరు టాక్స్ కలిపి చెప్తారు, ఇంకొకరు కలపకుండా చెప్తారు. హాలు అద్దె మీద జీఎస్టీ 18 శాతం, కాబట్టి ఆ తేడా చిన్నది కాదు.

తర్వాత హోల్డ్. "హాలు మీ పేరు మీద పెట్టినం సార్" అని మేనేజర్ అంటే అది హోల్డ్ మాత్రమే. అడ్వాన్సు కట్టి రసీదు తీసుకుంటేనే కన్ఫర్మ్ అయినట్టు. హోల్డ్ ఏ తేదీ దాకా ఉంటుందో, ఈలోపు వేరేవాళ్లు డబ్బు పట్టుకుని వస్తే మనకు ఫోన్ చేసి ఒక రోజు టైమిస్తారో లేదో కనీసం వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. మన దగ్గర ఫంక్షన్ హాళ్లకు పెళ్లిళ్లే అసలు బేరం. మంచి ముహూర్తమున్న రోజు మీటింగుకు హాలు అడిగితే రేటు దిగదు, హోల్డ్ నిలవదు. పంచాంగం ముందేసుకుని మూఢాలో, ఆషాఢమో చూసి తేదీ పెట్టుకుంటే బేరం చేయడానికి చోటుంటుంది. మేడారం కూడా చూసుకోవాలి. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ పున్నమి దగ్గర్లో వస్తుంది, ఇంగ్లిష్ తేదీ మారుతుంటుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. ఆ రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల బస్సులు, అద్దె కార్లు, గదులు దొరకడం కష్టం.

హాలు చూడ్డానికి వెళ్లేదాన్ని సైట్ ఇన్‌స్పెక్షన్ అంటారు. టేపు పట్టుకుని వెళ్లండి. "500 మంది పడ్తరు" అని హాలువాళ్లు చెప్పే లెక్క పెళ్లి లెక్క, వచ్చేవాళ్లు వస్తుంటే పోయేవాళ్లు పోతుంటారు. మీటింగులో అందరూ ఒకేసారి కూర్చోవాలి. కుర్చీలు మాత్రమే వరుసగా వేసే థియేటర్ సీటింగ్‌కు మనిషికి దాదాపు 10 చదరపు అడుగులు కావాలి. ముందు బల్లలుండే క్లాస్‌రూమ్ సీటింగ్‌కు 16 నుంచి 18. గుండ్రటి టేబుళ్లకు 12 నుంచి 15. ఐదడుగుల రౌండ్ టేబుల్‌కు ఎనిమిది మంది సుఖంగా కూర్చుంటారు. స్టేజీకి వీపు పెట్టకుండా సగం వైపే కుర్చీలేస్తే ఐదారుగురే పడతారు, దాన్ని క్రెసెంట్ సీటింగ్ అంటారు. 300 మందికి థియేటర్ అయితే 3000, 24 అడుగుల పొడవు 16 అడుగుల వెడల్పు స్టేజీకి ఇంకో 400 దాకా, వెనక సౌండ్ కన్సోల్‌కు, నడవడానికి కొంత కలిపితే 4000 చదరపు అడుగుల హాలు సరిపోతుంది. అదే హాల్లో క్లాస్‌రూమ్ పద్ధతిలో 300 మందిని కూర్చోబెట్టలేం. స్తంభాలు ఎక్కడున్నాయి, ఎల్‌ఈడీ వాల్ (స్టేజీ మీద పెట్టే పెద్ద తెర) నిలబెడితే పైన సీలింగ్‌కో షాండ్లియర్‌కో తగులుతుందా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి.

అందరూ కలిసి కూర్చునే సెషన్ ప్లీనరీ. విడిపోయి చిన్న గదుల్లో జరిగేవి బ్రేకౌట్‌లు. హోటల్‌లో రెండు బ్రేకౌట్ గదులు కలిపి ఉంటే మధ్య పార్టిషన్ ఎంత మందముందో నిలబడి మాట్లాడి చూడండి, పక్క గది మైకు ఇటు వినిపిస్తే రెండు సెషన్లూ పాడవుతాయి.

గదులు

ఇక్కడే డబ్బు ఎక్కువ పోతుంది. మన మనుషుల కోసం ఒక రేటుకు పక్కన పెట్టించే గదులను రూమ్ బ్లాక్ అంటారు. ఎన్ని గదులు, ఎన్ని రాత్రులు అని గుణిస్తే వచ్చేది రూమ్ నైట్స్. 60 గదులు రెండు రాత్రులంటే 120 రూమ్ నైట్స్. పేర్లు, రాకపోకల టైములు, ఎవరితో ఎవరు ఉంటారో రాసిన జాబితా రూమింగ్ లిస్ట్. రైల్లో వచ్చేవాళ్లు కాజీపేటలో దిగుతారా వరంగల్‌లో దిగుతారా అన్నది కూడా ఇందులోనే రాయాలి. అన్ని రైళ్లూ రెండు చోట్లా ఆగవు, కారు ఒక స్టేషన్‌కు పోయి గెస్టు ఇంకో స్టేషన్‌లో దిగడం మామూలుగా జరిగే పొరపాటు. ఏ తేదీ తర్వాత నిండని గదులు హోటల్ వెనక్కి తీసుకుంటుందో అది కటాఫ్ తేదీ. ఆ తర్వాత మన రేటుకు గది అడిగినా ఇవ్వక్కర్లేదు.

అసలు మెలిక అట్రిషన్‌లో ఉంది. చెప్పిన గదులన్నీ నిండకపోయినా కొంతవరకు మాఫీ, అది దాటితే డబ్బు కట్టాలన్న షరతు ఇది. 20 శాతం అట్రిషన్ అంటే 120లో 96 రూమ్ నైట్స్ అయినా వాడాలి. ఇప్పుడు మొదటి రాత్రి 58 గదులు నిండాయి, రెండో రోజు మధ్యాహ్నానికే చాలామంది హైదరాబాద్ బయల్దేరితే ఆ రాత్రి 32 నిండాయి అనుకోండి. మొత్తం 90. లెక్క మొత్తం మీద చూస్తే తగ్గింది 6, గది రేటు 2500 అయితే కట్టాల్సింది 15,000 రూపాయలు. ఒప్పందంలో "ఏ రాత్రికారాత్రి" అని ఉంటే మాత్రం ఒక్కో రాత్రికి 48 నిండాలి. మొదటి రాత్రి మిగులు రెండో రాత్రికి పనికిరాదు. రెండో రాత్రి 16 తగ్గాయి, 40,000 కట్టాలి. మనుషులు అదే, గదులు అదే, ఒక్క వాక్యం తేడా. కాబట్టి అట్రిషన్ మొత్తం రూమ్ నైట్స్ మీద లెక్కించాలని రాయించుకోండి. మనం వదిలిన గదులు హోటల్ వేరేవాళ్లకు అమ్ముకుంటే ఆ మేరకు తగ్గించాలనీ రాయించుకోండి. డెలిగేట్లు మన బ్లాక్‌లో కాకుండా సెల్‌ఫోన్ యాప్‌లో తక్కువ రేటు చూసి అదే హోటల్‌లో గది తీసుకుంటే, రిజిస్ట్రేషన్ జాబితాతో పోల్చి వాళ్లనీ మన లెక్కలో కలపమని అడగాలి. అడగకపోతే కలపరు.

భోజనాలు

గ్యారంటీ అంటే ఇంతమందికి డబ్బు కడతామని ముందే ఇచ్చే సంఖ్య. మామూలుగా 72 గంటల ముందు అడుగుతారు. ఆ తర్వాత పెంచుకోవచ్చు, తగ్గించడానికి వీల్లేదు. వచ్చినవాళ్లు, గ్యారంటీ, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. గ్యారంటీకి పైన వంటవాళ్లు సిద్ధంగా ఉంచే 5 శాతం ఓవర్‌సెట్. 300 మంది రిజిస్టర్ అయితే 300 గ్యారంటీ ఇవ్వొద్దు. రిజిస్టరై రానివాళ్లు, అంటే నో-షోలు, ఎప్పుడూ ఉంటారు. ఉచిత మీటింగైతే ఇంకా ఎక్కువ. 270 ఇచ్చి ఓవర్‌సెట్ రాయించుకుంటే 283 మంది దాకా ఇబ్బంది ఉండదు. రెండో రోజు మధ్యాహ్నం భోజనానికి సంఖ్య విడిగా, ఇంకా తగ్గించి ఇవ్వండి.

ప్లేట్లు ఎలా లెక్కపెడతారో కూడా ముందే తేల్చుకోవాలి. బఫేలో వాడిన ప్లేట్లు లెక్కపెట్టే పద్ధతి ఉంటే, అన్నానికి ఒక ప్లేటు, మళ్లీ వడ్డించుకోడానికి కొత్త ప్లేటు తీసుకున్న మనిషి ఇద్దరి కింద లెక్కకొస్తాడు. కూపన్ పద్ధతి మేలు: ఒక్కో పూటకు ఒక్కో రంగు, ప్లేట్ల టేబుల్ దగ్గర మన మనిషి ఒకరు, క్యాటరింగ్ మనిషి ఒకరు, పూట అయ్యాక ఇద్దరూ లెక్కపెట్టి సంతకాలు. డ్రైవర్లు, వాలంటీర్లు, సౌండ్ కుర్రాళ్ల భోజనాలు స్టాఫ్ మీల్స్ కింద తక్కువ రేటుకు విడిగా రాయించండి. మరిచిపోతే వాళ్లూ పూర్తి రేటు ప్లేటే తింటారు. చాయ్ విరామానికి మనిషికి ఒక కప్పు అనుకోవద్దు, చలికాలం పొద్దున సెషన్లకు ఒకటిన్నర పెట్టుకోండి.

ఇవన్నీ చివరికి చేరేది బీఈఓ (బాంక్వెట్ ఈవెంట్ ఆర్డర్)లోకి. మన హోటళ్లలో ఎఫ్‌పీ (ఫంక్షన్ ప్రాస్పెక్టస్) అని కూడా అంటారు. ఏ గదిలో ఎన్నింటికి ఏం జరగాలి, ఎన్ని కుర్చీలు, ఏ వంటకం, ఎవరు బాధ్యులు అన్నది రాసి వంటగది నుంచి హౌస్‌కీపింగ్ దాకా అందరికీ ఇచ్చే పేజీ. ఒప్పందంలో ఏమున్నా వంటగదిలో వాళ్లు చూసేది ఈ పేజీనే. సంతకం ముందు అక్షరం అక్షరం చదవాలి.

కరెంటు, సౌండు, హాలు అప్పగింత

లోడ్-ఇన్ అంటే సామాను దింపి కట్టడం మొదలుపెట్టే సమయం, లోడ్-ఔట్ అంటే విప్పి ఖాళీ చేసే సమయం. ముందు రోజు రాత్రి అదే హాల్లో తెల్లవారుజాము ముహూర్తం పెళ్లి ఉంటే డెకరేషన్ వాళ్లు విప్పి పోయేసరికి పొద్దెక్కుతుంది. ఎల్‌ఈడీ వాల్, స్టేజీ, సౌండు కట్టి పరీక్షించడానికి నాలుగైదు గంటలు పడుతుంది. 9 గంటలకు ప్రారంభం పెట్టుకుంటే అయ్యే పని కాదు. ముందు రోజు సాయంత్రం 6 నుంచి హాలు మన చేతిలో ఉండాలని ఒప్పందంలోనే ఉండాలి.

ఎల్‌ఈడీ వాల్‌కు చెప్పే పి3, పి4 అంటే చుక్కకూ చుక్కకూ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. పి3 అయితే మొదటి వరుస మూడు మీటర్లన్నా దూరంగా ఉండాలి. జనరేటర్ ఎంత లోడు మోస్తుందో చెప్పే కేవీఏ లెక్క ఇలా: సౌండు, లైట్లు, వాల్ కలిపి 20 కిలోవాట్లు అనుకుంటే 0.8 (పవర్ ఫ్యాక్టర్)తో భాగిస్తే 25 కేవీఏ. జనరేటర్‌ను పూర్తి బరువు మీద నడపరు కాబట్టి 40 కేవీఏ తెప్పించాలి. ఏసీలు ఇందులో లేవు. హాలు జనరేటర్ ఏసీలను కూడా మోస్తుందా, లైట్లూ ఫ్యాన్లేనా అని అడగండి, మే నెలలో అయితే ఇదే మొదటి ప్రశ్న కావాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే మధ్య కొన్ని క్షణాలు సౌండ్ మిక్సర్, వాల్ కంట్రోలర్ ఆగిపోయి మళ్లీ మొదలవ్వడానికి నిమిషాలు పడుతుంది. ఆ రెండిటికీ, ప్రజెంటేషన్ ల్యాప్‌టాప్‌కూ యూపీఎస్ పెట్టిస్తే చాలు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లకు అనుమతి ఉండదు, గాలా డిన్నర్ లాన్‌లో పెట్టేవాళ్లు కార్యక్రమం 9:30కి ముగిసేలా చూసుకోవాలి.

నిమిషాల వారీగా ఏం జరగాలో రాసేది రన్ షీట్. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, ముఖ్య అతిథి ప్రసంగం ఒక్కోటి ఎంతసేపో నిజాయితీగా రాయండి. ఏడుగురికి శాలువాలు కప్పి ఫొటోలు దిగితే పది నిమిషాలు పోతాయి. మంత్రిగారు ఆలస్యమైతే ముందుకు జరపడానికి వీలుగా ఒక టెక్నికల్ సెషన్‌ను ముందే గుర్తుపెట్టి, ఆ వక్తకు ఆ సంగతి చెప్పి ఉంచాలి.

రద్దు, బిల్లు

క్యాన్సిలేషన్ క్లాజు మెట్లుగా ఉంటుంది, తేదీ దగ్గరపడేకొద్దీ పోయే శాతం పెరుగుతుంది. ఫోర్స్ మజూర్ అంటే వరద, కర్ఫ్యూ లాంటివి వస్తే ఎవరూ నష్టపరిహారం కట్టక్కర్లేదన్న షరతు. 2024 సెప్టెంబర్ మొదట్లో కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి కాజీపేట–విజయవాడ లైన్‌లో రైళ్లు ఆగిపోయాయి. అలాంటప్పుడు హాలు చెక్కుచెదరదు, వంటా అవుతుంది, కానీ మనుషులు రాలేరు. "హాలు ఇవ్వలేని పరిస్థితి" అని మాత్రమే రాసి ఉంటే మీకు రూపాయి వెనక్కి రాదు. రవాణా ఆగి డెలిగేట్లలో ఇంత శాతం రాలేకపోయినా వర్తిస్తుందని, కట్టిన అడ్వాన్సు వేరే తేదీకి మార్చుకోవచ్చని రాయించాలి.

ఖర్చులన్నీ చేరే ఖాతా మాస్టర్ అకౌంట్. అందులో ఎవరు సంతకం పెట్టొచ్చో ఇద్దరి పేర్లే ఇవ్వండి, లేకపోతే రూమ్ సర్వీసు బిల్లులన్నీ అందులోకే వస్తాయి. ప్రతి రాత్రి ఆ రోజు లెక్క తెప్పించుకుని చూడండి. చివరి రోజు బాంక్వెట్ మేనేజర్ హోటల్‌లో ఉండగానే కూపన్ల లెక్కలు, రూమింగ్ లిస్టు పక్కన పెట్టుకుని బిల్లు సరిచూసి, సంస్థ పేరు, జీఎస్టీ నంబరు సరిగ్గా పడ్డాయో లేదో చూశాకే మిగతా డబ్బు కట్టండి.