యేసు తాను దేవుడినని చెప్పుకున్నాడా? సువార్తల్లో వెతికే పద్ధతి

చెన్నైలో తెలుగువాళ్ల ఇళ్లలో జరిగే బైబిల్ స్టడీల్లో ఈ ప్రశ్న లేస్తే చాలు, పావుగంటలో మాట త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న సిద్ధాంతం) మీదికి పోతుంది, బైబిళ్లు మూతపడతాయి. కాబట్టి కూర్చోగానే ఒక సంగతి తేల్చేయండి. యేసు దేవుడా అన్నది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్న. ఆయన అలా చెప్పుకున్నట్టు సువార్తలు (యేసు జీవితం చెప్పే నాలుగు బైబిల్ పుస్తకాలు: మత్తయి, మార్కు, లూకా, యోహాను) రాశాయా అన్నది చదివి చూడదగిన ప్రశ్న. ఇక్కడ చెప్పేది రెండోదాని గురించే.

ఒక్కొక్కరికి ఒక తెల్లకాగితం ఇచ్చి నాలుగు గళ్లు గీయించండి: వచనం, అన్నది ఎవరు, విన్నది ఎవరు, విన్నవాళ్లు ఏం చేశారు. ఎనిమిది భాగాలు చాలు, గంటన్నర పడుతుంది. మార్కు 2:1-12, 10:17-18, 14:60-64; యోహాను 1:1, 8:56-59, 10:30-39, 14:28, 20:26-29. ఇక్కడ పుట్టి పెరిగి తెలుగు చదవడం రాని పిల్లలకు తమిళ బైబిల్ ఇవ్వండి, ఈ భాగాల నంబర్లు రెండింట్లోనూ ఒకటే. మార్కుతోనే మొదలుపెట్టండి. నాలుగింటిలో అది ముందు వచ్చిందని, సుమారు క్రీ.శ. 70 నాటిదని, యోహాను ఆ శతాబ్దం చివరిదని ఎక్కువమంది పండితుల లెక్క.

రెండో గడి దగ్గరే సగం గొడవ తీరిపోతుంది. ‘వాక్యము దేవుడై యుండెను’ (యోహాను 1:1) అన్నది సువార్త రాసినవాడి మాట, యేసు మాట కాదు. ‘నా ప్రభువా, నా దేవా’ (యోహాను 20:28) అన్నది శిష్యుడు తోమా. ఇక్కడికి రాగానే మనవాళ్లు చెన్నైలోని పరంగిమల (సెయింట్ థామస్ మౌంట్) ఎక్కేస్తారు. తోమా అక్కడ హతసాక్షి అయ్యాడన్నది (విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడన్నది) సంప్రదాయం, ఈ కాగితంలో దానికి గడి లేదు. చూడాల్సింది తర్వాతి వచనం: యేసు అతన్ని గద్దించలేదు. అలా గద్దించకపోవడం విలువెంతో తెలియాలంటే అపొస్తలుల కార్యములు 14 పక్కన పెట్టి చదవండి. లుస్త్ర అనే ఊళ్లో జనం తమను దేవతలనుకుంటే అపొస్తలులు పౌలు, బర్నబా బట్టలు చింపుకుని వద్దని కేకలేశారు.

నాలుగో గడి అన్నిటికంటే విలువైంది. యోహాను 8లో యేసు ‘అబ్రాహాము పుట్టకమునుపే నేను ఉన్నాను’ అనగానే ఎదుటివాళ్లు రాళ్లెత్తారు. దేవదూషణకు రాళ్లతో కొట్టి చంపమని లేవీయకాండము 24:16 చెబుతుంది. యోహాను 10లో రాళ్లెత్తినవాళ్లు కారణం కూడా చెప్పారు: మనిషివై ఉండి నిన్ను నువ్వు దేవుడిగా చేసుకుంటున్నావని. చాలామంది ఈ 33వ వచనం దగ్గరే ఆపేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది. ఆ వెంటనే యేసు 82వ కీర్తన ఎత్తి, దేవుని వాక్యం అందుకున్నవాళ్లనే లేఖనం దైవాలని అన్నప్పుడు ‘నేను దేవుని కుమారుడను’ అంటే దూషణ ఎలా అవుతుందని అడిగాడు. ఇది వెనక్కి తగ్గడమా, అదే మాట మరో దారిలో చెప్పడమా? 39వ వచనంలో మళ్లీ పట్టుకోబోయారు కాబట్టి వాళ్లకు మాత్రం తగ్గినట్టు అనిపించలేదు.

మార్కు 2లో యేసు పక్షవాయువు రోగితో నీ పాపాలు క్షమించబడ్డాయంటాడు. దేవుడు తప్ప ఎవరు క్షమించగలరని శాస్త్రులు (యూదుల ధర్మశాస్త్ర పండితులు) లోపల అనుకుంటారు. బలమైన ఘట్టమే. కానీ మత్తయి 9:8లో అదే సంఘటన చూసిన జనం, మనుషులకు ఇంత అధికారం ఇచ్చాడని దేవుణ్ణి మహిమపరుస్తారు. రెండూ రాయండి.

బిరుదుల దగ్గర చాలామంది బోర్లా పడతారు. ‘దేవుని కుమారుడు’ అంటే దేవుడనే అర్థమని, ‘మనుష్యకుమారుడు’ అంటే వట్టి మనిషనే అర్థమని అనుకుంటారు. నిర్గమకాండము 4:22లో ఇశ్రాయేలు మొత్తం దేవుని కుమారుడే, 2వ కీర్తనలో రాజు కూడా. దానియేలు 7:13-14లో మేఘాల మీద వచ్చి నిత్య ప్రభుత్వం అందుకునేవాడేమో మనుష్యకుమారుని పోలినవాడు. మార్కు 14లో యేసును విచారిస్తున్న ప్రధానయాజకుడు బట్టలు చింపుకున్నది, దేవుని కుడిపక్కన కూర్చుని మేఘాలతో వచ్చే ఆ మనుష్యకుమారుణ్ణి చూస్తారని యేసు నోట విన్న తర్వాతే.

ఎదురు వచనాలు దాచకండి. దేవుడొక్కడే తప్ప మంచివాడెవడూ లేడని మార్కు 10:18, ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ అని యోహాను 14:28. వీటికి సంఘం ఇచ్చిన జవాబులు నీకయ (క్రీ.శ. 325), కల్కెదోను (451) బిషప్పుల సభల్లో సూత్రాలుగా రూపు కట్టాయి. వాటిని కాగితం నిండాక మాట్లాడుకోండి. ముందే చెబితే ఎవరూ వచనం చదవరు, జవాబే చదువుతారు.

నిండిన కాగితంలో ఇంతవరకు తేలుతుంది: ‘నేను దేవుణ్ణి’ అన్న వాక్యం నాలుగు సువార్తల్లో యేసు నోట ఎక్కడా లేదు. యోహానులో ఆయన మాటలు దానికి చాలా దగ్గరగా వస్తాయి, మార్కులో అది అధికారం రూపంలో కనిపిస్తుంది. దీని మీద ఎవరి నిర్ణయం వాళ్లు రాసుకునేముందు, తమ అభిప్రాయానికి బాగా ఇబ్బంది పెట్టే వచనం ఏదో ఒకటి అడుగున రాయమనండి. గంటే టైముంటే యోహాను 1:1 తీసేయండి, యోహాను 10, మార్కు 10 మాత్రం వదలకండి.